అక్టోబర్‌లో వచ్చే టీకా, ఆగస్టులో వచ్చే జ్వరం: ఒక రెసిడెన్షియల్ క్యాంపస్ కేస్ స్టడీ

తెలంగాణలో ఊరికి దూరంగా ఉన్న ఒక రెసిడెన్షియల్ యూనివర్సిటీలో ఫ్లూ టీకా వ్యవహారాన్ని వరసగా మూడు విద్యా సంవత్సరాలు దగ్గరుండి చూశాను. నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని. అక్కడి హెల్త్ సెంటర్‌కి సలహాదారుగా వెళ్లేదాన్ని. క్యాంపస్ పేరు, మనుషుల వివరాలు, గుర్తుపట్టే వీలున్న అంకెలు తీసేసి రాస్తున్నాను. ఇలాంటి క్యాంపస్‌లు మన రెండు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. అక్కడి మెడికల్ ఆఫీసర్లకీ, వార్డెన్లకీ, ఫైలు మీద సంతకం పెట్టే ఫైనాన్స్ ఆఫీసర్లకీ ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి.

నేపథ్యం

వేలల్లో విద్యార్థులు, రెండు పెద్ద మెస్‌లు, గదికి ముగ్గురు. ఎక్కువమంది ఇంటర్ అవగానే వచ్చినవాళ్లు. వీళ్లు కాక పరిశోధక విద్యార్థులు, వాళ్లలో పెళ్లయి క్యాంపస్‌లోనే కాపురముంటున్నవాళ్లు, అధ్యాపకులు, కాంట్రాక్టు మీద పనిచేసే వంటవాళ్లు, స్వీపర్లు, సెక్యూరిటీ గార్డులు. హెల్త్ సెంటర్‌లో డాక్టర్లు, సిస్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక అంబులెన్సు ఉన్నాయి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఓపీ, ఆ తర్వాత ఎమర్జెన్సీ మాత్రమే.

ఫ్లూ టీకా మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. పీహెచ్‌సీకి వెళ్లి ఉచితంగా వేయించుకునే వీల్లేదు, కొనుక్కోవాల్సిందే. బయట ఒక డోసుకి సుమారు రూ.1,500 నుంచి రూ.2,000 దాకా అవుతుంది. ఆరోగ్య సిబ్బంది వేయించుకోవాలనీ, గర్భిణులు, వృద్ధులు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్లు వేయించుకుంటే మంచిదనీ కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆ జాబితాలో లేడు. అయినా హాస్టల్‌లో ఒక గదిలో మొదలైన ఫ్లూ వారం తిరక్కుండా అంతస్తంతా తిరుగుతుంది. ఆ అంతస్తులోనే ఆస్తమా ఉన్న అమ్మాయి ఉంటుంది, ఇన్సులిన్ తీసుకునే అబ్బాయి ఉంటాడు. అందుకే ఈ యూనివర్సిటీ కొన్నేళ్లుగా సొంత ఖర్చుతో టీకా తెప్పించి సగం ధరకి వేస్తూ వచ్చింది. ఈ ఉద్దేశం మంచిదని మొదటి రోజు నుంచీ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఎదురైన సమస్య

నన్ను పిలిచినప్పుడు రెండు ఫిర్యాదులు ఒకేసారి చెప్పారు. మొదటిది రిజిస్ట్రార్ ఆఫీసుది: ఏటా అక్టోబర్ చివర్లో క్యాంపు పెడుతున్నాం, సగం డోసులు కూడా ఖర్చు కావడం లేదు, మిగిలినవి ఎక్స్‌పైరీ అయి పారేస్తున్నాం, పిల్లలకి శ్రద్ధ లేదు. రెండోది విద్యార్థి సంఘానిది: ఆగస్టులో హాస్టళ్లు జ్వరాలతో మూలుగుతుంటే హెల్త్ సెంటర్‌కి వెళ్లి అడిగితే టీకా లేదు అంటున్నారు.

ఒకే క్యాంపస్‌లో టీకా మిగిలిపోతోంది, అదే క్యాంపస్‌లో టీకా దొరకడం లేదు. రెండు మాటలూ నిజమే. ఈ రెండూ కలిసి ఎలా నిజమవుతున్నాయో తేలితే తప్ప ఏ క్యాంపూ, ఏ పోస్టరూ పనిచేయదనిపించింది.

రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి ఓపీ రిజిస్టరు, ఇంకోటి టీకా స్టాక్ రిజిస్టరు. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులతో వచ్చినవాళ్ల వరుసలు జూలై నడిమికి పెరగడం మొదలై ఆగస్టు, సెప్టెంబర్లలో పేజీలు నింపేశాయి. దసరా సెలవులకి పిల్లలు ఊళ్లకి వెళ్లే వేళకి పలచబడ్డాయి. స్టాక్ రిజిస్టర్లో టీకా రాక అక్టోబర్‌లో ఉంది. జబ్బు వెళ్లిపోయాక టీకా వస్తోంది. అప్పుడు వేయించుకోమంటే పిల్లలు రాకపోవడాన్ని శ్రద్ధ లేకపోవడం అనలేను. వాళ్ల కళ్ల ముందు జ్వరాలు తగ్గిపోయాయి మరి.

అక్టోబరే ఎందుకు? అడిగితే అందరి దగ్గరా సరైన సమాధానమే ఉంది. కొత్త సెమిస్టరు పనులన్నీ కుదురుకున్నాక ఇండెంట్ (కొనమని కోరే పత్రం) పెడతారు. కొటేషన్లు రావడానికి ఇంకో నెల. ఆ వేళకే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి ఉత్తరార్ధగోళం కొత్త స్టాకు వస్తుంది. అమెరికా, యూరప్ విశ్వవిద్యాలయాల్లో సెప్టెంబర్, అక్టోబర్లలోనే ఫ్లూ టీకా వేస్తారు; వాళ్లకి శీతాకాలపు ఫ్లూ ముందుంటుంది కాబట్టి అది వాళ్లకి సరిపోతుంది. మనం కూడా భూమధ్యరేఖకి ఉత్తరానే ఉన్నాం కాబట్టి అదే పట్టిక మనకీ వర్తిస్తుందనుకున్నారు.

ఫ్లూ వైరస్ మన దగ్గర వానలతో వస్తుంది. దేశంలో చాలా ప్రాంతాల్లో జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య ఒక ఉద్ధృతి ఉంటుంది, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోటి ఉంటుంది. శ్రీనగర్‌లో చలికాలానిదే పెద్దది. చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాలతో పాటు ఆలస్యంగా వస్తుంది. మనకి నైరుతి వానలే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాలో ఏ రకాలు ఉండాలో ఏడాదికి రెండుసార్లు చెబుతుంది: ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబర్‌లో. దక్షిణార్ధగోళం టీకా మన మార్కెట్‌కి వేసవిలో చేరుతుంది. టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కొన్ని నెలల్లో మెల్లగా తగ్గుతుంది. కాబట్టి మన క్యాంపస్‌కి సరైన సమయం వేసవి స్టాకు చేరినప్పటి నుంచి జూలై చివరి దాకా. అది దాటినా ఆగస్టు మొదట్లో వేస్తే సెప్టెంబర్‌కీ, శీతాకాలపు చిన్న ఉద్ధృతికీ కొంత పనికొస్తుంది.

ఇంకో చిక్కు డెంగీ. వానాకాలంలో హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్స్ ఎంత?" అనే. ఆ జాగ్రత్త అవసరమే. డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు వద్దని మేమూ చెబుతాం. కానీ ప్లేట్‌లెట్స్ బాగున్నాయనగానే "వైరల్ ఫీవర్" అని రాసి పంపేయడంతో ఆ వైరల్‌లో ఫ్లూ ఎంతో ఎవరూ అడగలేదు. 2009 మే 16న దేశంలో మొట్టమొదటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కేసు తేలింది హైదరాబాద్‌లోనే. అప్పుడు, మళ్లీ 2015 మొదట్లో, అందరూ ఫ్లూ గురించి మాట్లాడారు. మిగతా ఏళ్లలో అది పేరు లేకుండా వచ్చి వెళ్తోంది.

మొదటి ప్రయత్నం: తేదీ మార్పు

తేదీ మార్చడం తేలికనిపించింది. జూన్‌లో స్టాకు కావాలంటే మార్చిలో ఇండెంట్ పెట్టాలి. మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, కొత్త ఖర్చుకి ఫైలు కదలదు. ఏప్రిల్‌లో బడ్జెట్ తెరుచుకున్నాక మూడు కొటేషన్లు, పోలిక పట్టిక, ఆమోదం. మెడికల్ ఆఫీసర్ వెంటబడి తిరిగితే జూన్ మొదటికి సరఫరా అయింది.

కొటేషన్ల దగ్గర ఫైనాన్స్ ఆఫీసర్ మంచి ప్రశ్న వేశారు. ఒకటి నాలుగు రకాల వైరస్‌ల టీకా, ఇంకోటి మూడు రకాలది. తక్కువ రకాలున్నది కొంటే ఆడిట్‌లో అడుగుతారేమో అని. ఫ్లూ వైరస్ బి రకంలో యమగాట అనే శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు. అందుకే 2023 సెప్టెంబర్ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని టీకాలో ఉంచాల్సిన అవసరం లేదంటోంది. ఆ సంగతి ఒక పేజీలో రాసి ఫైలుకి జతచేశాం. నాలుగో రకానికి ఎక్కువ చెల్లించాల్సిన పని లేకుండా పోయింది. డబ్బు గురించి అడిగే అధికారిని అడ్డంకిగా చూడకూడదు. సమాధానం కాగితం మీద ఉంటే ఆయనే ఫైలుని ముందుకి తోస్తారు.

కానీ జూన్ అంటే సెలవులు. క్యాంపస్ ఖాళీ. స్టాకంతా ఒకేసారి దింపి డిస్ట్రిబ్యూటర్ వెళ్లిపోయాడు. హెల్త్ సెంటర్‌లో ఉన్నది మామూలు ఇంటి ఫ్రిజ్. ఎండలకి కరెంటు పోతూ వస్తూ ఉంది. చల్లదనం చాలడం లేదని ఎవరో నాబ్ చివరికంటా తిప్పారు. జూలైలో తెరిచి చూస్తే వెనక గోడకి ఆనుకున్న బాక్సుల అట్ట మీద మంచు కట్టిన చెమ్మ. లోపల ఉన్నది మామూలు డయల్ థర్మామీటరు. అది ఆ క్షణపు ఉష్ణోగ్రత చెబుతుంది తప్ప గడిచిన నెలలో ఎంత పడిపోయిందో, ఎంత పెరిగిందో చెప్పదు.

ఫ్లూ టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పనికిరాదు. కొన్ని టీకాలకి షేక్ టెస్ట్ ఉంది. ఊపి, అడుగున పేరుకునే తీరు చూసి గడ్డకట్టిందో లేదో చెప్పొచ్చు. అది అల్యూమినియం కలిసిన టీకాలకే. మా దగ్గరున్న ఫ్లూ టీకాలో అల్యూమినియం లేదు. గడ్డకట్టి కరిగినా చూడ్డానికి మామూలుగానే కనిపిస్తుంది. అంటే అనుమానం తీరే దారి లేదు.

ఇక్కడ హెల్త్ సెంటర్‌లో వాదన జరిగింది. ఫార్మసిస్టు అన్నాడు, "మేడమ్, వేస్తే ప్రమాదమేం లేదు కదా, పారేస్తే ఆడిట్ మన మీద పడుతుంది." ప్రమాదం లేదన్నది చాలావరకు నిజమే. కానీ పనిచేయని డోసు తీసుకున్న ఆస్తమా పిల్ల తనకి రక్షణ ఉందనుకుంటుంది, దగ్గు మొదలైనా ఆలస్యంగా వస్తుంది. అలాంటివాళ్లలో ఫ్లూ అనుమానం రాగానే, వీలైతే 48 గంటల్లోపే ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టాలి. రెండోది, టీకా వేయించుకున్నా ఫ్లూ వచ్చిందన్న మాట ఒక్క హాస్టల్లో పుడితే వచ్చే ఏడు ఆ హాస్టల్ మొత్తం రాదు. అనుమానం ఉన్న బాక్సులన్నీ కారణం రాసి, ఇద్దరి సంతకాలతో తీసేశాం. ఎదురుగా ఖాళీ అయిన అరని చూసి సీనియర్ సిస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె బాధ నాకు అర్థమైంది. ఆ డోసుల కోసం నెలల తరబడి ఫైలు వెంట తిరిగింది ఆమే.

రెండో ప్రయత్నం: క్యాంపు, ఉపన్యాసం

మిగిలిన మంచి స్టాకుతో ఆగస్టు మొదట్లో హెల్త్ సెంటర్‌లో క్యాంపు పెట్టాం. విద్యార్థులందరికీ ఈమెయిల్, నోటీసు బోర్డుల్లో సర్క్యులర్. దానికి ముందు ఆడిటోరియంలో ఉపన్యాసం. పిల్లలు నిండుగా వచ్చారు, మంచి ప్రశ్నలు వేశారు. టీకాలోనే బతికున్న వైరస్ ఉంటుందా, వేస్తే ఫ్లూ వస్తుందా అని అడిగారు. ఇది చంపిన వైరస్‌తో చేసిన టీకా, దాని వల్ల ఫ్లూ రాదు, ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండొచ్చు అని చెప్పాం. గుడ్డు పడనివాళ్లకి ఇదివరకున్న ప్రత్యేక ఆంక్షలు ఇప్పుడు అక్కర్లేదన్నాం. చప్పట్లు కొట్టారు. మర్నాడు క్యాంపుకి గుప్పెడుమందే వచ్చారు.

అవగాహన లేక రాలేదనుకోవడానికి ఇక వీల్లేదు. హాస్టల్ మెట్ల మీద, టీ కొట్టు దగ్గర పిల్లలతో కూర్చుని అడిగాను. నాలుగైదు మాటలు మళ్లీ మళ్లీ వినిపించాయి. "పదింటి నుంచి నాలుగింటి దాకా మాకు క్లాసులు, ల్యాబులు మేడమ్, అటెండెన్స్ పోతుంది." "అక్కడ జ్వరమొచ్చినోళ్ల మధ్యలో లైన్లో నిలబడాలి, లేనిది అంటుకుంటుంది." "వచ్చే వారం మిడ్స్. టీకా వేసుకుని జ్వరమొస్తే పరీక్ష పోతుంది." "డబ్బులు అమ్మనడగాలి. ఎందుకంటే చెప్పడానికి నాకు రాదు."

అన్నిటికంటే ఎక్కువగా విన్నది ఆఖరి మాటే. వీళ్లలో చాలామందికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. చట్టప్రకారం కూడా తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సమ్మతి పత్రం ఇంటికి పంపి సంతకం చేయించుకుని తెమ్మన్నాం. ఫోన్లో ఫొటో తీసి పంపినా చాలన్నాం. కొద్దిమంది నాన్నలు ఫోన్ చేసి మాతో మాట్లాడి సరేనన్నారు. మిగతావి రాలేదు. టీకా ఒక చోట, డబ్బు ఇంకో చోట, నిర్ణయం తీసుకునేవాళ్లు మూడు జిల్లాల అవతల. ఈ మూడూ కలవనంత కాలం ఫ్రిజ్‌లో ఎన్ని బాక్సులున్నా టీకా దొరుకుతోందని చెప్పలేం.

తప్పనిసరి చేయాలా?

క్యాంపు విఫలమయ్యాక పాలనా సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది: టీకా సర్టిఫికెట్ లేకపోతే హాల్ టికెట్ ఆపేద్దాం. సమర్థించినవాళ్ల ఆదుర్దా నిజమైనదే. ఆ ఏడాది వంటవాళ్లలో చాలామంది ఒకేసారి పడిపోయి ఒక మెస్ మూతపడింది, ఆ బ్లాకుల మిడ్ పరీక్షలు వాయిదా వేశారు.

నేను వద్దన్నాను. వైరస్‌తో బాగా సరిపోయిన ఏడాదుల్లో ఈ టీకా రక్షణ 40 నుంచి 60 శాతం ఉంటుంది. ఒక మనిషికి అది విలువైన రక్షణ, ఆస్తమా ఉన్నవాళ్లకైతే చాలా విలువైనది. పరీక్ష రాసే హక్కుని దానికి ముడిపెట్టేంత బలం మాత్రం ఆ అంకెలో లేదు. ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వని టీకాని డబ్బు కట్టి తీరాలని స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లకి చెప్పడం అన్యాయం. పైగా బలవంతం వల్ల వచ్చే సంతకంలో ఆస్తమా ఉందా, ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చిందా అన్న ప్రశ్నలకి నిజమైన జవాబులు రావు. అవి దాచేస్తే ప్రమాదం మనకే. వైస్ ఛాన్సలర్ గారు ఒక ఏడాది గడువిచ్చారు.

ఏది పనిచేసింది

ఆ గడువులో చేసిన మొదటి పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పని, హాస్టల్ జాయినింగ్ రోజున టీకా టేబుల్ వేయడం.

ఆ రోజు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పరుపు, బకెట్టు, ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీతో ఇంటిల్లిపాదీ దిగుతారు. తల్లి గది ఊడుస్తుంది, తండ్రి ఫీజు రసీదుల కోసం లైన్లో ఉంటాడు. సమ్మతి ఇవ్వాల్సినవాళ్లు, డబ్బు ఇవ్వాల్సినవాళ్లు, చెయ్యి చాపాల్సినవాళ్లు ఏడాది మొత్తంలో ఒకే చోట ఉండేది ఆ రోజే. ఎలాగూ ఆ రోజు ప్రతి విద్యార్థీ మెడికల్ ఫారం నింపాలి. ఆ ఫారం తీసుకునే సిస్టరే పక్క టేబుల్ చూపించి, టీకా ఏమిటో, ఎందుకో, ధర ఎంతో రెండు నిమిషాల్లో చెబుతుంది. వద్దంటే వద్దు, ఇంకో మాట లేదు.

తల్లులే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. "మా బాబుకి చిన్నప్పుడు ఆయాసం ఉండేదమ్మా, ఇప్పుడు లేదు, వెయ్యొచ్చా?" అని ఒకావిడ అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో అబ్బాయి ఫారంలో ఖాళీగా వదిలేసిన గడి నిండింది. మా దగ్గర ఆస్తమా ఉన్నవాళ్ల జాబితా ఆ రోజే మొదటిసారి నమ్మదగినదిగా తయారైంది. టీకా టేబుల్ వల్ల కలిగిన ఈ లాభాన్ని ముందు ఊహించలేదు. ఆ తర్వాత ఏడాదంతా ఎమర్జెన్సీ కాల్స్‌లో అది పనికొచ్చింది.

కొత్తవాళ్ల జాయినింగ్ ఆగస్టులోకి జరిగితే ఆలస్యం అవుతుందన్న అభ్యంతరం వచ్చింది. నిజమే, ఉద్ధృతి మొదలయ్యాక వేస్తున్నాం. అయినా రెండు వారాల తర్వాత సెప్టెంబర్ మొత్తం ముందుంటుంది. జూలైలో వేయాల్సిన టీకాని ఎవరూ వేయించుకోకపోవడం కంటే ఆగస్టులో సగంమంది వేయించుకోవడం మేలని నిర్ణయించాం. సీనియర్లు జూలై చివర్లోనే తిరిగొస్తారు కాబట్టి వాళ్లకి హాస్టల్ కామన్ రూముల్లో, మెస్ భోజనం వేళ, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వేశాం. మిడ్స్‌కి ముందు వారం ఏ బ్లాకులోనూ పెట్టలేదు. పిల్లల భయాన్ని వాదించి తీసేయడం కంటే తేదీ జరపడం తేలిక.

స్టాకు విషయంలో నిల్వ మానేశాం. డిస్ట్రిబ్యూటర్‌తో ఏడాదికి ఒక ధర ఖాయం చేసుకుని, క్యాంపు ఉన్న రోజు పొద్దున్నే అడిగినన్ని బాక్సులు కోల్డ్ బాక్సులో తెచ్చేలా, అతని మనిషి సాయంత్రం దాకా ఉండి కదలని బాక్సులు అదే రోజు వెనక్కి తీసుకెళ్లేలా ఒప్పందం రాసుకున్నాం. డోసుకి కొంచెం ఎక్కువ అడిగాడు. ఫైనాన్స్ ఆఫీసర్ ముందు కుదరదన్నారు. గత మూడేళ్లలో పారేసిన డోసుల ఖరీదుని వేసిన డోసుల మీద పంచి చూపిస్తే ఎక్కువ ధరే చవకని తేలింది. అత్యవసరానికి కొద్ది డోసులు మాత్రం హెల్త్ సెంటర్‌లో ఉంచాం. వాటికి టీకాల కోసమే తయారైన ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు నమోదు చేసే థర్మామీటరు, పూటకోసారి రాసే పట్టిక ఏర్పాటయ్యాయి. కోల్డ్ బాక్సులో పెట్టే ఐస్‌ప్యాకుల్ని డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టకూడదు. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి. లేకపోతే ఫ్రిజ్‌లో తప్పించుకున్న ప్రమాదం బాక్సులో జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ మనిషికి సిస్టరే ఇది దగ్గరుండి నేర్పింది.

వంటవాళ్లు, స్వీపర్లు, గార్డుల విషయం వేరు. జాబితాలో హెల్త్ సెంటర్ సిబ్బంది తర్వాత వీళ్లనే పెట్టాం, విద్యార్థుల కంటే ముందు. ఒక వంటవాడి చుట్టూ రోజుకి మూడు పూటలా వందలమంది తిరుగుతారు. జ్వరమొస్తే సెలవు పెట్టగలిగే స్థితిలో అతను ఉండడు. ఉచితమని చెప్పాం, అయినా వెనకాడారు. ఒక వంటమ్మ విషయం విప్పి చెప్పింది: "సూది ఏస్కుంటే రేపు జెరమొస్తదంటున్రు. పనికి రాకుంటే కూలి కోస్తరు మేడమ్. నాకు సూదంటే భయం లేదు, కూలి పోతదనే భయం."

దానికి మా ఉపన్యాసాల్లో జవాబు లేదు. జవాబు కాంట్రాక్టులో ఉంది. ఆ ఏడాది మెస్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ టెండర్లు మళ్లీ పిలిచేటప్పుడు రెండు షరతులు చేర్పించాం. సిబ్బంది టీకా ఖర్చు కాంట్రాక్టరు భరించాలి. టీకా మర్నాడు రాలేకపోతే ఆ రోజు కూలి కోయకూడదు. కాంట్రాక్టరు ఒప్పుకోవడానికి కారణం, అంతకుముందు ఏడాది మెస్ మూతపడిన రోజులకి అతనికి బిల్లు రాలేదు. రెండు షరతులూ రాతలో ఉన్నా, వారపు సెలవుకి ముందు రాత్రి, సగం సగం మందికే వేశాం. ఒకవేళ కొందరికి ఒళ్లు వెచ్చబడినా వంట ఆగదు, వాళ్ల విశ్రాంతీ చెడదు. ఆ వంటమ్మే మొదటి బ్యాచ్‌లో ముందు కూర్చుంది, మిగతావాళ్లు ఆమె వెనకాల వచ్చారు.

ధరల మాట. ఆస్తమా, షుగర్, సికిల్ సెల్ లాంటివి ఉన్న విద్యార్థులకీ, గర్భిణులైన పరిశోధకులకీ ఉచితం. అది విద్యార్థులు కట్టే హెల్త్ ఫీజు నుంచి. మిగతావాళ్లకి కొన్న ధరకే. అందరికీ సగం ధర అన్న పాత పద్ధతి మానేశాం. ఇవ్వగలిగిన ఇంటికి సగం ధర ఇవ్వడం కంటే, అవసరమున్న పిల్లకి పూర్తిగా ఇవ్వడం ఆ డబ్బుకి మంచి ఉపయోగం.

సాయంత్రపు క్యాంపుల్లో కుర్రాళ్లు కొందరు సూది చూసి కళ్లు తిరిగి పడ్డారు. ఈ వయసులో అది మామూలే. కూర్చోబెట్టే వేయడం, వేశాక 15 నిమిషాలు అక్కడే ఉంచడం, తెర కట్టడం మొదలుపెట్టాక తగ్గింది. తీవ్రమైన అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ప్రతి టేబుల్ మీదా సిద్ధంగా ఉంచాం, వాడాల్సిన అవసరం రాలేదు.

ఫలితాన్ని ఎలా చూశాం

ఆ ఏడాది ఓపీలో జ్వరాలు కొంచెం తక్కువగానే ఉన్నాయి. దాన్ని టీకా ఖాతాలో వేయొద్దని నివేదికలో గట్టిగా రాశాను. మా దగ్గర ఫ్లూ పరీక్ష అందరికీ చేయడం లేదు. వానలు, డెంగీ, ఆ ఏడాది వైరస్ తీరు, అన్నీ ఆ రిజిస్టర్లో కలిసే ఉంటాయి. ఒక మంచి ఏడాదిని టీకా ఘనతగా చెప్పుకుంటే, తర్వాత చెడ్డ ఏడాది వచ్చినప్పుడు టీకానే దోషి అవుతుంది. మేం మూడు విషయాలే కొలిచాం: సెప్టెంబర్‌కి ముందు ఎన్ని డోసులు పడ్డాయి, ఎన్ని పారేశాం, ముప్పు ఎక్కువున్నవాళ్ల జాబితాలో ఎంతమందికి చేరింది. మొదటిది ఎన్నో రెట్లు పెరిగింది, రెండోది దాదాపు సున్నాకి వచ్చింది, మూడో దానిలో ఎక్కువమంది పూర్తయ్యారు. మెస్ ఆ వానాకాలమంతా నడిచింది.

దీన్ని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి

మీ ఓపీ రిజిస్టరు ముందు చదవండి. మీ ప్రాంతపు జ్వరాల నెలలు దాంట్లోనే ఉన్నాయి, ఇండెంట్ తేదీని దాన్నుంచి వెనక్కి లెక్కగట్టండి. కోస్తాలో, ముఖ్యంగా దక్షిణాన నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ కాబట్టి మా ఆగస్టుని గుడ్డిగా తీసుకోకండి. మంచి ఫ్రిజ్ లేకపోతే స్టాకు పెట్టకండి, సరఫరా ఒప్పందం చేసుకోండి. కాంట్రాక్టు సిబ్బందికి సంబంధించిన షరతు టెండర్ పిలవక ముందే రాయించండి. టెండర్ ఖాయమయ్యాక అడిగితే అది కాంట్రాక్టరు దయ మీద ఆధారపడుతుంది. టీకా వేయించుకున్నవాళ్లకి కూడా జ్వరమొస్తే క్లాసు మానేసి గదిలో ఉండే వీలు కల్పించండి. అటెండెన్స్ కోసం దగ్గుతూ వచ్చే పద్ధతి అలాగే ఉంటే టీకా ఒక్కటే హాస్టల్‌ని కాపాడలేదు. ఇక్కడ ఆన్‌లైన్ మెడికల్ లీవు తెచ్చుకోవడానికి విద్యార్థి సంఘమే పోరాడింది, మేం సమర్థిస్తూ నోట్ ఇచ్చాం.

ఇంకా చేరనివాళ్లున్నారు. క్యాంపస్ గేటు బయట పేయింగ్ గెస్ట్ వసతుల్లో (పీజీల్లో) ఉండే విద్యార్థులకి జాయినింగ్ రోజంటూ ఉండదు, వాళ్ల తల్లిదండ్రులు హాస్టల్ గుమ్మం ఎక్కరు. వాళ్లలో ఆస్తమా జాబితా కూడా మా దగ్గర సగమే ఉంది. సర్టిఫికెట్ల పరిశీలనకి మాత్రం అందరూ రావాలి, చాలామంది అమ్మనో నాన్ననో వెంటబెట్టుకునే వస్తారు. వచ్చే ఏడు ఆ హాలు బయట టేబుల్ వేయడానికి రిజిస్ట్రార్ ఆఫీసు ఒప్పుకుంది. పరిశీలన తేదీలు కౌన్సెలింగ్‌ని బట్టి ఖరారు కాగానే, మొదటి బాక్సులు ఏ పొద్దున కావాలో సిస్టర్ డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి చెబుతుంది.